కోడ్ ఏఐ రాసినా, లెక్క చెప్పాల్సింది మన పిల్లలే



ఈ మధ్య పేరెంట్స్ మీటింగుల్లో కంప్యూటర్ సబ్జెక్టు మాట రాగానే రెండు ప్రశ్నలు తప్పకుండా వినిపిస్తున్నాయి. ఒకటి: "కోడంతా ఇప్పుడు ఏఐయే రాసేస్తోందట కదా మేడమ్, ఇంక మా వాడికి కోడింగ్ ఎందుకు?" రెండోది దానికి పూర్తిగా ఎదురు ప్రశ్న: "మా అపార్ట్‌మెంట్‌లో ఒక బాబు ఏడో క్లాసులోనే ఏఐతో యాప్ చేసేశాడు. మన స్కూల్లో ఇంకా ఇఫ్, ఎల్స్ దగ్గరే ఉన్నారేంటి?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఫీజు కడుతున్నారు, దానిపైన విడిగా కోడింగ్ క్లాసులకు కూడా కొందరు కడుతున్నారు. ఆ డబ్బుకు పిల్లలకు ఏం వస్తోందో అడిగే హక్కు మీకుంది. అయితే ఈ రెండు ప్రశ్నల వెనకా ఒకే నమ్మకం ఉంది: కోడింగ్ నేర్చుకోవడమంటే స్క్రీన్ మీద కోడ్ తయారవడమే అని. నేను సెకండరీ తరగతులకు లెక్కలు, కంప్యూటర్ చెబుతాను. ఆ నమ్మకం సరికాదని నా అభిప్రాయం.

నేను చెప్పదలచుకున్నది ఇది. పిల్లలు ఏఐతో కోడ్ రాయించుకోవడం తప్పు కాదు. కానీ ఆ కోడ్ ఏం చేస్తోందో, ఎందుకలా చేస్తోందో తమ సొంత మాటల్లో చెప్పలేకపోతే అది వాళ్ల పని కిందికి రాదు, దానికి మార్కులు వేయకూడదు. ఇక చెప్పగలరో లేదో చూడటానికి తల్లిదండ్రులకు కంప్యూటర్ తెలిసి ఉండక్కర్లేదు. మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగు చాలు.

ఇంతకీ ఏం మారింది?

2021 జూన్‌లో గిట్‌హబ్ సంస్థ కోపైలట్ అనే సాధనాన్ని పరీక్షల కోసం విడుదల చేసింది. ప్రోగ్రామర్ ఒక లైన్ టైప్ చేస్తుంటే తర్వాతి లైన్లను అదే సూచిస్తుంది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటి నుంచి ప్రోగ్రామర్లే కాదు, ఎవరైనా మామూలు వాక్యాల్లో అడిగి కోడ్ రాయించుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఓపెన్‌ఏఐ వ్యవస్థాపక బృందంలో ఒకరైన ఆండ్రే కార్పతీ దీనికి 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టారు. కావలసింది మాటల్లో చెప్పడం, వచ్చిన కోడ్‌ను పెద్దగా చూడకుండానే తీసుకోవడం, పనిచేయకపోతే మళ్లీ ఏఐకే చెప్పడం, ఇదీ పద్ధతి. ఆ మాట ఎంతగా పాకిందంటే కాలిన్స్ డిక్షనరీ దాన్ని 2025 సంవత్సరపు పదంగా ఎంచుకుంది. కానీ కార్పతీ ఆ మాట వాడినప్పుడే ఇంకో సంగతి కూడా చెప్పారు. ఇది వారాంతంలో సరదాకు చేసి పక్కన పడేసే ప్రాజెక్టులకు ఫర్వాలేదని ఆయన ఉద్దేశం. ఆ సగం మాట మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

పెద్ద కంపెనీల సంగతీ చూద్దాం. గూగుల్‌లో కొత్తగా రాస్తున్న కోడ్‌లో నాలుగో వంతుకు పైగా ఏఐ తయారు చేస్తోందని 2024 అక్టోబర్‌లో సుందర్ పిచాయ్ ప్రకటించారు. ఈ వార్త మనందరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆ ప్రకటనలోనే ఆ కోడ్‌ను ఇంజినీర్లు పరిశీలించి, ఆమోదిస్తారని కూడా ఉంది. రాసేది యంత్రమైనా సంతకం పెట్టేది మనిషే అన్నమాట. మన పిల్లలు పెద్దయ్యాక చేయాల్సిన పని ఆ సంతకం పెట్టడమే. చదివి అర్థం చేసుకోలేని కాగితం మీద సంతకం పెట్టకూడదని మనం ఇంట్లో చెబుతుంటాం కదా, ఇదీ అంతే.

ఈ సాధనాలు ఎలా పనిచేస్తాయో కూడా క్లుప్తంగా చెబుతాను. వీటిని లాంగ్వేజ్ మోడల్స్ అంటారు. ఇంటర్నెట్‌లో ఉన్న కోట్ల పేజీల రాతలు, కోడ్ చదివించి, ఒక ముక్క తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేసేలా వీటిని తయారు చేస్తారు. ఇప్పుడొస్తున్నవి కోడ్ రాసి, రన్ చేసి, ఎర్రర్ వస్తే తామే సరిదిద్దుకుంటున్నాయి కూడా. అవి గొప్ప సాధనాలే, అందులో సందేహం లేదు. కానీ మన అసలు అవసరం ఏమిటో వాటికి తెలియదు. మనం వాక్యంలో చెప్పిందే తెలుసు. వాక్యంలో ఖాళీ ఉంటే ఆ ఖాళీని తమకు తోచినట్టు నింపేస్తాయి. నింపామని ప్రతిసారీ చెప్పవు.

కరెంటు బిల్లు లెక్క

ఒక ఉదాహరణ చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పిల్లలకు తరచూ ఇచ్చే ప్రాజెక్టు, కరెంటు బిల్లు లెక్కగట్టే ప్రోగ్రామ్. లెక్క సులువుగా ఉండటానికి మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 3 రూపాయలు, 100 దాటితే యూనిట్‌కు 5 రూపాయలు అనుకుందాం. ఇవి ఉదాహరణకు పెట్టుకున్న అంకెలే, అసలు రేట్లు కావు.

పిల్లవాడు ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఏఐకి ఇస్తాడు. కొన్ని సెకన్లలో ప్రోగ్రామ్ వచ్చేస్తుంది. 120 యూనిట్లు ఇచ్చి రన్ చేస్తే 600 రూపాయలు అని చూపిస్తుంది. ఎర్రర్ లేదు, ఎర్ర అక్షరాలు లేవు, స్క్రీన్ మీద రంగురంగుల పెట్టెలో బిల్లు కనిపిస్తోంది. పిల్లవాడికి సంతోషం, చూసిన మనకూ సంతోషం.

కానీ అదే వాక్యానికి ఇంకో ప్రోగ్రామ్ 400 రూపాయలు అని కూడా చూపించవచ్చు. మొదటిదాంట్లో 100 దాటగానే మొత్తం 120 యూనిట్లకూ 5 రూపాయలు పడ్డాయి. రెండోదాంట్లో మొదటి 100కు 3 చొప్పున 300, మిగిలిన 20కి 5 చొప్పున 100, మొత్తం 400. రెండు ప్రోగ్రాములూ చక్కగా నడుస్తాయి. తేడా మాత్రం 200 రూపాయలు. ఇందులో తప్పు ఏఐదని కూడా అనలేం. "100 దాటితే 5 రూపాయలు" అనే వాక్యానికి రెండు అర్థాలూ ఉన్నాయి. ఏ అర్థం కావాలో అడిగినవాళ్లే తేల్చుకోవాలి.

ఒకసారి కాగితం మీద 100 యూనిట్లకు, 101 యూనిట్లకు లెక్క వేసిన పిల్లలు ఈ తేడా వెంటనే పట్టుకుంటారు. మొదటి పద్ధతిలో 100 యూనిట్లకు 300 రూపాయలు, 101కి 505. ఒక్క యూనిట్ పెరిగితే 205 రూపాయలు పెరిగింది! "ఇదేంటి టీచర్, ఒక్క యూనిట్‌కే ఇంతా?" అని అడిగే పిల్లవాడు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. రంగుల పెట్టె చూసి ప్రాజెక్టు సబ్మిట్ చేసేసినవాడు ఇంకా నేర్చుకోలేదు. ఇద్దరి ఫైల్లోనూ ఉన్నది నడిచే కోడే.

ఇంకో సంగతి గమనించండి. ఈ తేడాను క్లాసులో నాకంటే ముందు ఇంట్లో మీరే పట్టుకోగలరు. నెలనెలా కరెంటు బిల్లు కట్టేది మీరే కదా. శ్లాబు మారితే బిల్లు ఎలా మారుతుందో మీకు తెలిసినంతగా పిల్లలకు తెలియదు. పైథాన్ రాని తల్లి, కంప్యూటర్ ముట్టని తాతయ్య కూడా ఈ ప్రోగ్రామ్‌ను పరీక్షించవచ్చు. పిల్లవాడు అందులో ఏముందో చెప్పగలిగితే చాలు.

గైడు చూసి రాస్తే వచ్చే చదువు

మనం చదువుకునే రోజుల్లో గైడు ఉండేది. లెక్క చేసి, రాకపోతే గైడు చూసినవాళ్లకు అది ఉపయోగపడింది. ముందే గైడు తెరిచి నోట్సులోకి ఎక్కించినవాళ్ల నోట్సు నీట్‌గా ఉండేది, పరీక్షలో పేపరు ఖాళీగా ఉండేది. ఏఐ విషయంలోనూ అదే జరుగుతోందని చూపే పరిశోధన ఒకటి ఉంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో లెక్కల మీద ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 2024లో వెల్లడించారు. ఒక గుంపుకు మామూలు చాట్‌జీపీటీ లాంటి సాధనం ఇచ్చారు. రెండో గుంపుకు నేరుగా జవాబు చెప్పకుండా, టీచర్లు తయారుచేసిన సూచనల ప్రకారం హింట్స్ మాత్రమే ఇచ్చే సాధనం ఇచ్చారు. మూడో గుంపుకు పుస్తకం, నోట్సు మాత్రమే. ప్రాక్టీసులో మొదటి గుంపు మూడో గుంపు కంటే 48 శాతం, రెండో గుంపు 127 శాతం మెరుగ్గా చేశాయి. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. మొదటి గుంపు, అసలు ఏఐ వాడనివాళ్ల కంటే 17 శాతం తక్కువ చేసింది. హింట్స్ తీసుకున్న గుంపుకు ఆ నష్టం దాదాపు కనిపించలేదు.

ఇది లెక్కల మీద చేసిన ప్రయోగం, కోడింగ్ మీద కాదు. అయినా రెండు సబ్జెక్టులూ చెబుతున్న టీచరుగా నాకు ఇందులో తెలిసిన విషయమే కనిపిస్తోంది. నేరుగా జవాబు అందుకున్నవాడికి ఒక ఫలితం, హింట్ మాత్రమే అందుకున్నవాడికి ఇంకో ఫలితం వచ్చాయి. ప్రాక్టీసు మార్కులు మాత్రమే చూసి ఉంటే మొదటి గుంపు తల్లిదండ్రులు ఎంత సంతోషించేవారో ఊహించుకోండి.

అర్థం కాకపోయినా నడుస్తోంది కదా అని వదిలేస్తే పెద్దవాళ్లకు కూడా ఏమవుతుందో 2025 జూలైలో చూశాం. రెప్లిట్ అనే సంస్థకు చెందిన ఏఐ ఏజెంట్, ఏ మార్పులూ చేయవద్దని చెప్పి ఉంచినా, ఒక కంపెనీ అసలు డేటాబేస్‌ను చెరిపేసింది. డేటాను తర్వాత తిరిగి తేగలిగారు, సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణ చెప్పింది మనిషే గానీ ఏజెంట్ కాదు. బాధ్యత చివరికి మనిషి మీదే పడుతుంది.

అలాగని నిషేధిస్తే?

కొందరు తల్లిదండ్రులు "అసలు ఏఐ ముట్టుకోనివ్వకండి" అంటున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ నిషేధం పనిచేయదు. ల్యాబ్‌లో ఆపితే ఇంట్లో ఫోన్ ఉంటుంది. పైగా దాచి వాడే అలవాటు, చెప్పి వాడే అలవాటు కంటే ప్రమాదం. ఏఐ వాడాడో లేదో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ల మీద ఆధారపడి పిల్లవాడిని దొంగలా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అవి పొరపాటు పడితే ఒక నిజాయితీ గల పిల్లవాడు బాధపడతాడు.

నాకు సరైనదనిపించే దారి, ఒక క్రమం పాటించడం. క్యాలిక్యులేటర్ వచ్చిందని మనం ఎక్కాలు మానేయలేదు. ముందు ఎక్కాలు, తర్వాతే క్యాలిక్యులేటర్. ఎక్కాలు వచ్చినవాడికే క్యాలిక్యులేటర్‌లో ఒక సున్నా ఎక్కువ కొట్టినట్టు తెలుస్తుంది.

కోడింగ్‌లోనూ 6 నుంచి 8 తరగతుల దాకా పిల్లలు చేత్తో రాయాలి. లూప్ అంటే ఏమిటి, షరతు అంటే ఏమిటి, ఒక వేరియబుల్‌లో విలువ ఎలా మారుతుంది, వీటిని కాగితం మీద అడుగడుగునా రాసి చూడాలి. ఈ వయసు పిల్లలకు కోడింగ్ కార్యకలాపాలు పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. ఏడో క్లాసులో ఇంకా ఇఫ్, ఎల్స్ దగ్గరే ఎందుకున్నారని అడిగిన తల్లిదండ్రులకు నా జవాబు ఇదే. కరెంటు బిల్లులో 200 రూపాయల తేడా వచ్చింది ఆ ఇఫ్, ఎల్స్ దగ్గరే. 9, 10 తరగతుల్లో ఏఐని హింట్ల కోసం, ఎర్రర్ అర్థం చేసుకోవడం కోసం వాడవచ్చు. 11, 12లో కోడ్ రాయించుకోవచ్చు కూడా, కానీ ఏం అడిగారో, ఏం మార్చారో రికార్డులో రాయాలి.

తెలుగులో చెప్పు చూద్దాం

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పరీక్ష గురించి. ప్రాజెక్టు పూర్తయ్యాక పిల్లల్ని ఒక్క మాట అడగండి: "ఇది ఎలా పనిచేస్తుందో నాకు తెలుగులో చెప్పు."

"ఇంగ్లిష్ మీడియంలో చేర్పించింది ఇంగ్లిష్ రావాలని కదా, తెలుగులో ఎందుకు?" అని మీరు అడగవచ్చు. ఇంగ్లిష్ మీడియంలో పాఠం చెప్పే టీచరుగానే ఈ మాట అంటున్నాను. ఏఐ కోడ్‌తో పాటు ఇంగ్లిష్‌లో చక్కటి వివరణ కూడా ఇస్తుంది. పిల్లలు ఆ వాక్యాలను బట్టీ పట్టి గడగడా అప్పజెప్పేస్తారు. వినడానికి బాగుంటుంది, లోపల ఏముందో తెలియదు. అదే విషయాన్ని అమ్మతోనో నానమ్మతోనో తెలుగులో చెప్పాలంటే బట్టీ పట్టిన వాక్యం పనికిరాదు. "యూనిట్లు వంద లోపు ఉంటే మూడుతో గుణిస్తుందమ్మా, వంద దాటితే..." అని చెప్పడం మొదలుపెట్టగానే తనకు తెలిసిందేమిటో, తెలియనిదేమిటో తనకే తెలిసిపోతుంది. ఎక్కడ ఆగిపోయాడో అక్కడే మళ్లీ చదవాలి.

ఏఐ తెలుగులోనూ వివరణ ఇస్తుంది కదా అంటారేమో. ఇస్తుంది. అందుకే వినడంతో ఆపకుండా ఒక అంకె మార్చి అడగాలి. "మరి రేటు 5 కాకుండా 6 అయితే ఎక్కడ మారుస్తావు? 200 దాటితే ఇంకో రేటు అంటే ఏం చేస్తావు?" ఈ ప్రశ్నలకు అప్పటికప్పుడు ఆలోచించే జవాబు చెప్పాలి.

ఇంట్లో ఉర్దూ, హిందీ, తమిళం, మరాఠీ మాట్లాడేవాళ్లు ఆ భాషలోనే అడగండి. ఇంటి భాష వేరు, బడి భాష వేరు అయిన పిల్లలకు రెండు భాషలూ కలిపి చెప్పే పద్ధతిని టీచర్లు వాడేలా ప్రోత్సహించాలని జాతీయ విద్యా విధానమే చెబుతోంది. దీనివల్ల ఇంగ్లిష్‌కు నష్టం లేదు సరికదా, లాభమే ఉంది. ఏఐకి పని చెప్పాలంటే స్పష్టమైన వాక్యం కావాలి. విషయం ఏ భాషలోనైనా స్పష్టంగా చెప్పగలిగిన పిల్లవాడు ఇంగ్లిష్‌లో కూడా స్పష్టంగా అడగగలడు. "మొదటి 100కు ఒక రేటు, 100కు పైన ఉన్న యూనిట్లకు మాత్రమే ఇంకో రేటు" అని విడమరిచి రాసినవాడికి మొదటిసారే సరైన ప్రోగ్రామ్ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంట్లో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

వీటిని కత్తిరించి చదువుకునే టేబుల్ దగ్గర అంటించినా మంచిదే.

1. ఈ ప్రోగ్రామ్ ఏ పని చేస్తుంది? రెండు మూడు వాక్యాల్లో చెప్పు.
2. నేను ఒక చిన్న అంకె ఇస్తాను. రన్ చేయకముందే జవాబు ఎంత వస్తుందో కాగితం మీద వేసి చెప్పు.
3. ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది?
4. సున్నా ఇచ్చినా, మైనస్ అంకె ఇచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా ఏం చేస్తుంది?
5. ఏఐని ఏమని అడిగావు? అది ఇచ్చినదాంట్లో నువ్వేం మార్చావు, ఎందుకు?

ఐదో ప్రశ్నకు "ఏమీ మార్చలేదు" అని జవాబు వస్తే కోప్పడకండి. నిజం చెప్పినందుకు మెచ్చుకుని, రెండో ప్రశ్న దగ్గర కూర్చోబెట్టండి. పది నిమిషాలు చాలు. కోప్పడితే వచ్చేసారి జవాబు అబద్ధమవుతుంది.

జాగ్రత్తలు కూడా రెండు మూడు ఉన్నాయి. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండాలి, 18 లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. కాబట్టి మీకు తెలియకుండా పిల్లలు అకౌంట్ తెరవకూడదు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఓటీపీ, స్కూల్ యాప్ పాస్‌వర్డు, తోటి పిల్లల మార్కులు, ఇవేవీ చాట్‌లో పెట్టకూడదని గట్టిగా చెప్పండి. స్కూల్ స్థాయి ప్రాజెక్టులకు డబ్బు కట్టి తీసుకునే ప్లాన్ అవసరం లేదు. "పదేళ్ల వయసులోనే యాప్ డెవలపర్" అని ప్రకటించే కోర్సులో చేర్పించే ముందు, డెమో క్లాసులో పిల్లవాడు చేసిన యాప్ గురించి పైన చెప్పిన రెండో ప్రశ్న అడగండి. జవాబు వస్తే చేర్పించండి.

మన స్కూలుకు ఒక విన్నపం

తల్లిదండ్రులకే చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. మనం బడిలో దేనికి మార్కులు వేస్తే పిల్లలు దాని మీదే శ్రద్ధ పెడతారు. సీబీఎస్ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ప్రాక్టికల్స్‌కు 30 మార్కులుంటే, ప్రాజెక్టుకు 8, వైవాకు 3. ఏఐ లేని రోజుల్లో ఆ పంపకం సబబే. ప్రాజెక్టు నడిచిందంటే పిల్లవాడికి ఎంతో కొంత వచ్చినట్టే అనుకునేవాళ్లం. ఇప్పుడలా అనుకోలేం. బోర్డు మార్కులు మన చేతుల్లో లేవు గానీ, కింది తరగతుల ఇంటర్నల్ మార్కులు మన చేతుల్లోనే ఉన్నాయి. ప్రాజెక్టు మార్కుల్లో సగం వివరణకు ఇవ్వాలని నా విన్నపం. పిల్లవాడు తెలుగులో చెప్పినా, ఇంగ్లిష్‌లో చెప్పినా, రెండూ కలిపి చెప్పినా మార్కులు ఒకటే ఉండాలి.

అలాగే వార్షిక ఎగ్జిబిషన్‌లో మెరిసే యాప్‌లను ముందు వరసలో పెట్టే అలవాటును కూడా కాస్త మార్చుకోవాలి. స్టాల్ దగ్గరికి వచ్చిన వారెవరైనా ఒక అంకె మార్చి అడగవచ్చని బోర్డు పెడదాం. చిన్న ప్రోగ్రామ్ చేసి ప్రతి లైనూ చెప్పగలిగిన పిల్లకు, పెద్ద యాప్ తెచ్చి తడబడిన పిల్లవాడి కంటే పెద్ద బహుమతి రావాలి.

దీనివల్ల ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. ఇప్పటిదాకా ప్రాజెక్టుల్లో పూర్తి మార్కులు తెచ్చుకున్న కొందరికి మార్కులు తగ్గుతాయి. "ప్రోగ్రామ్ నడిచింది కదా, ఎందుకు తగ్గించారు?" అని మీరు అడుగుతారు. ఆ రోజు మీటింగులో జవాబు చెప్పాల్సింది మేమే. ముప్పై నలభై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి అడగడానికి పీరియడ్లు కూడా సరిపోవు, టైమ్‌టేబుల్‌లో చోటు చేయాలి. అయినా చేయాలనే నేనంటాను. ఎనిమిదో క్లాసులో తగ్గిన రెండు మార్కులు ఎవరి భవిష్యత్తునూ పాడు చేయవు. అర్థం కాకుండా వచ్చిన మార్కులు నాలుగేళ్ల తర్వాత ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో బయటపడతాయి.

మరి ఉద్యోగాలు?

చివరికి అందరి మనసులో ఉన్న ప్రశ్న ఇదే. మన తెలుగు ఇళ్లలో సాఫ్ట్‌వేర్ అంటే ఒక ఉద్యోగం మాత్రమే కాదు. పొలం అమ్మి చదివించినవాళ్లున్నారు, అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుని ఇంటిని నిలబెట్టినవాళ్లున్నారు. ఈ న్యూస్‌లెటర్ చదువుతున్న మీలో కూడా ఆ దారిన వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. ఆ దారి మన పిల్లలకు ఉంటుందా, మూసుకుపోతుందా అన్న భయం సహజం.

మన తొమ్మిదో తరగతి పిల్లలు ఉద్యోగానికి వెళ్లేనాటికి ఏ లాంగ్వేజ్ నడుస్తుందో, ఏ సాధనం ఉంటుందో చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఒక్కటి మాత్రం ఇప్పటికే కనిపిస్తోంది. కోర్సులో చెప్పిన కోడ్‌ను గుర్తుపెట్టుకుని మళ్లీ టైప్ చేయడం యంత్రం బాగా చేసే పని. ఏం కావాలో తేల్చుకోవడం, వచ్చినది సరైనదో కాదో చూడటం, తప్పయితే ఎక్కడో పట్టుకోవడం, కస్టమర్‌కు అర్థమయ్యేలా చెప్పడం, ఇవి మనిషి చేయాల్సిన పనులు. వీటిని ఒక్క కంప్యూటర్ పీరియడ్‌లోనే నేర్పలేం. లెక్కల్లో స్టెప్స్ రాయించడం, సైన్స్‌లో ఎందుకని అడగడం, తెలుగు, ఇంగ్లిష్ క్లాసుల్లో సొంత వాక్యాలు రాయించడం, అన్నీ దీనికే ఉపయోగపడతాయి.

అందుకే "ఏఐ వచ్చింది కదా, కోడింగ్ ఎందుకు?" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. కోడ్ రాసేవాళ్లు తక్కువైనా ఫర్వాలేదు గానీ, కోడ్ చదివి ఇది తప్పు అని చెప్పగలిగేవాళ్లు లేకపోతే మన కరెంటు బిల్లు నుంచి బ్యాంకు వడ్డీ దాకా అన్నీ ఎవరికీ అర్థం కాని లెక్కలైపోతాయి. ఆ తప్పు పట్టగలిగేవాళ్లలో మన పిల్లలు ఉండాలని నా కోరిక.

ఈ నెలలో మీ ఇంట్లో ఏదైనా కంప్యూటర్ ప్రాజెక్టు నడుస్తుంటే, పైన ఇచ్చిన ఐదు ప్రశ్నలు ఒకసారి అడిగి చూడండి. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో డైరీలో ఒక లైన్ రాసి పంపండి. ఆ చోటు నుంచే క్లాసులో మొదలుపెడతాం. ఇంటర్నల్ మార్కుల విషయంలో నా అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే అది కూడా రాయండి. వచ్చే పేరెంట్స్ మీటింగులో కూర్చుని మాట్లాడుకుందాం.